మోకాళ్లు లేని ఏనుగు, న్యాయం తీర్చే కుందేలు: మధ్యయుగ చిత్రప్రతుల్లోని వింత జంతువులను చదవడానికి సమగ్ర మార్గదర్శి

నత్తపై కత్తి దూసిన యోధుడు, వేటగాణ్ణి కట్టేసి ఈడ్చుకుపోతున్న కుందేళ్లు, మనిషి ముఖంతో నవ్వుతున్న సింహం, పిల్లి అని ఎవరైనా చెబితే తప్ప పోల్చుకోలేని పిల్లి. మధ్యయుగ ఐరోపాలో చేత్తో రాసిన గ్రంథాల నుంచి కత్తిరించిన ఇలాంటి బొమ్మలు ఇప్పుడు మన ఫోన్లలోకి విరివిగా వచ్చి చేరుతున్నాయి. వాటిని చూసి నవ్వుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ బొమ్మ ఉన్న ఆకు ఒకప్పుడు దూడదో, గొర్రెదో, మేకదో చర్మం. దాన్ని సున్నపు నీటిలో నానబెట్టి, చట్రానికి బిగించి, వంపు కత్తితో గీకి, ఆరబెట్టి, గీతలు కొట్టి, ఒకరు అక్షరాలు రాసిన తరువాత మరొకరు బంగారు రేకు అద్ది మెరుగుపెట్టి, రంగులు నింపారు. ఇంత శ్రమ పడిన చోట చిత్రకారుడు వేసిన జంతువును చేతకానితనంగా కొట్టిపారేయడం మన తొందరపాటే అవుతుంది. ఆ జంతువును ఓపికగా ఎలా చదవాలో ఈ వ్యాసం మెట్టు మెట్టుగా చెబుతుంది. అన్ని మెట్లకూ ఆధారం ఒక్కటే: జంతువు పుటలో ఎక్కడ నిలబడి ఉందో చూడకుండా అది ఏమి చెబుతోందో తేల్చకూడదు.

మొదటి మెట్టు: ముక్కను వదిలి పూర్తి పుటను సంపాదించండి

కత్తిరించిన బొమ్మలో పక్కనున్న అక్షరాలు ఉండవు, ఎదురు పుట ఉండదు, ముందు వెనుక జరిగిన కథ ఉండదు. కాబట్టి మొట్టమొదటి పని ఆ బొమ్మ చిరునామా కనుక్కోవడం. ఈ చిరునామాలో మూడు భాగాలుంటాయి: ప్రతి ఉన్న గ్రంథాలయం, అక్కడ ఆ ప్రతికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఆకు సంఖ్య. మన తాళపత్ర ప్రతుల్లో లాగే ఇక్కడా లెక్క పుటలకు కాదు, ఆకులకు. ఆకు ముందువైపును రెక్టో అనీ, వెనుకవైపును వెర్సో అనీ అంటారు. పుస్తకం తెరిచి పెట్టినప్పుడు మన కుడిచేతి వైపు కనిపించేది రెక్టో. ఈ మూడూ లేకుండా కేవలం 'మధ్యయుగ చిత్రం' అన్న పేరుతో తిరిగే బొమ్మను నమ్మి ఏ నిర్ణయానికీ రావద్దు. వాటిలో ఆధునికులు సరదాగా గీసినవీ, తప్పు వివరణలు తగిలించినవీ కలిసిపోయి ఉంటాయి.

చిరునామా దొరికితే మిగతా పని సులువు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా వెబ్‌సైటు, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం, వాటికన్ గ్రంథాలయం, స్విట్జర్లాండ్ ప్రతులను ఒకచోట చేర్చిన ఈ-కోడిసెస్ తమ ప్రతులను ఉచితంగా చూపిస్తాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ సేవలు 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడితో దెబ్బతిన్నాయి కనుక, అక్కడి ప్రతుల పాత లంకెలు పనిచేయకపోతే నిరాశ పడకుండా గుర్తింపు సంఖ్యతో మళ్లీ వెతకాలి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను అన్నిటికన్నా ముందు సూచించేది అబెర్డీన్ విశ్వవిద్యాలయంలోని జంతుగ్రంథం (బెస్టియరీ), అంటే జంతువుల బొమ్మలూ వాటి నుంచి తీసిన ధార్మికార్థాలూ ఉన్న గ్రంథం. 1200 ప్రాంతంలో ఇంగ్లండులో తయారైన ఈ ప్రతి ఒకప్పుడు ఎనిమిదో హెన్రీ రాజు గ్రంథాలయంలో ఉండేది. విశ్వవిద్యాలయం వారు ప్రతి ఆకు చిత్రంతో పాటు లాటిన్ పాఠాన్నీ, దాని ఆంగ్ల అనువాదాన్నీ పెట్టారు కాబట్టి లాటిన్ రానివారికి కూడా దారి మూసుకుపోదు.

రెండో మెట్టు: జంతువు నిలబడిన చోటును గుర్తించండి

స్థూలంగా మూడు చోట్లున్నాయి. మొదటిది గీత గీసిన చట్రం లోపల, పాఠం మధ్యలో. ఇక్కడి జంతువే పాఠానికి విషయం; పాఠం చదివితే బొమ్మ తెలుస్తుంది. రెండోది పెద్ద అక్షరపు కడుపులో, లేదా దాని తోకలో. ఐర్లండులోని డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉన్న కెల్స్ గ్రంథంలో, క్రీ.శ. 800 ప్రాంతంలో వేసిన క్రీస్తు నామాక్షరాల పుట దీనికి గొప్ప ఉదాహరణ. ఆకాశమంత అక్షరం పాదాల దగ్గర రెండు ఎలుకలు గుండ్రటి రొట్టెను కొరుకుతుంటే, వీపుల మీద మరో రెండు ఎలుకలను ఎక్కించుకున్న పిల్లులు వాటిని చూస్తూ కూర్చున్నాయి. దగ్గరలోనే ఒక నీటికుక్క చేపను పట్టింది. అంత పవిత్రమైన పుటలో ఆ చిన్న ప్రాణులు ఉండటం చూసినప్పుడల్లా నా మనసు నిండిపోతుంది.

మూడోది అంచు. పాఠం చుట్టూ వదిలిన ఖాళీలో, ముఖ్యంగా పుట అడుగుభాగంలో, 13వ శతాబ్దం రెండో సగం నుంచి 14వ శతాబ్దం దాకా ఇంగ్లండు, ఉత్తర ఫ్రాన్స్, ఫ్లాండర్స్ ప్రాంతాల చిత్రకారులు ఒక ప్రపంచాన్నే సృష్టించారు. నత్తలు, కుందేళ్లు, వైద్యం చేసే కోతులు, సగం చేప సగం బిషప్పు అయిన ఆకారాలు అక్కడివే. చట్రంలోని జంతువుకు వాడే తాళంచెవి అంచులోని జంతువుకు పనికిరాదు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లనే ఈ బొమ్మల గురించిన అపార్థాల్లో ఎక్కువ భాగం పుడుతోందని నా అభిప్రాయం.

మూడో మెట్టు: పేరు పెట్టకముందే వర్ణించండి

కాగితం మీద మొదట కంటికి కనిపించినదే రాయాలి. కాళ్లెన్ని? గిట్టలా, గోళ్లా? కొమ్ములు ఎటు తిరిగాయి? నోట్లో, కాళ్ల దగ్గర, తోక వెనుక ఏమున్నాయి? ఎవరు ఎవరిని చూస్తున్నారు? ఈ జంతువులను ఆకారం కంటే అవి చేస్తున్న పని బట్టి పోల్చుకోవడం సులువు. ముళ్ల మీద ద్రాక్షపళ్లు గుచ్చుకుని వెళ్లేది ముళ్లపంది. ఎద్దు శరీరం, లోపలికి మెలితిరిగిన కొమ్ములు, వెనుక డాలు అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకున్న వేటగాడు కనిపిస్తే అది బొనకాన్. కొమ్ములు లోపలికి తిరిగి ఉండటంతో పోరాడలేక, పారిపోతూ మూడు ఎకరాల మేర మండిపోయే పేడను చిమ్ముతుందని గ్రంథం చెప్పిన మృగం అది. రోగి మంచం మీద కూర్చున్న తెల్లని పక్షి కలాడ్రియస్. అది రోగి ముఖంలోకి చూస్తే బతుకుతాడనీ, ముఖం తిప్పుకుంటే బతకడనీ నమ్మకం. తన వక్షాన్ని పొడుచుకుని పిల్లల మీద రక్తం చిలకరించే పక్షి గద్దలా కనిపించినా అది పెలికాన్, అంటే మన గూడబాతు.

నాలుగో మెట్టు: చట్రంలోని జంతువైతే పాఠాన్నీ, దాని వంశాన్నీ వెతకండి

జంతుగ్రంథం జీవశాస్త్ర పుస్తకం కాదు. సృష్టిలోని ప్రతి ప్రాణి ద్వారా దేవుడు మనిషికి ఏదో పాఠం చెబుతున్నాడన్న విశ్వాసంతో కూర్చిన గ్రంథం అది. దాని మూలం ఫిసియోలోగస్ అనే గ్రీకు రచన. క్రైస్తవం తొలి శతాబ్దాలలో, బహుశా అలెగ్జాండ్రియాలో పుట్టి లాటిన్‌లోకీ, ఇంకెన్నో భాషల్లోకీ వెళ్లింది. దానికి రోమన్ రచయిత ప్లినీ ప్రకృతి చరిత్ర నుంచి, మరో రోమన్ రచయిత సొలినస్ సంకలనం నుంచి, 7వ శతాబ్దపు స్పెయిన్ బిషప్పు ఇసిడోర్ రాసిన పదవ్యుత్పత్తుల మహాగ్రంథం నుంచి తీసుకున్న భాగాలు చేరుతూ వచ్చాయి. కాబట్టి బొమ్మ పక్కన ఉన్న పాఠంలో రెండు పొరలుంటాయి: జంతువు చేస్తుందని చెప్పే పని ఒకటి, దాని నుంచి తీసిన ధార్మికార్థం మరొకటి. సింహం పిల్లలు చచ్చి పుడతాయి, మూడో రోజున తండ్రి వచ్చి ఊపిరి ఊదితే లేస్తాయి అన్నది మొదటి పొర. క్రీస్తు మూడో రోజున లేవడం రెండో పొర. రెండో పొర కోసమే మొదటి పొర ఆ రూపం తీసుకుందని గ్రహిస్తే, 'వాళ్లు సింహాన్ని ఎన్నడూ చూడలేదా?' అన్న ప్రశ్న దానంతట అదే చిన్నదైపోతుంది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక ప్రత్యేకమైన సౌకర్యం ఉంది. ఈ గ్రంథాలలోని వింతల్లో చాలావాటికి ఇండియా అని ఊరిపేరు రాసి ఉంటుంది. క్రీ.పూ. 400 ప్రాంతంలో పారశీక చక్రవర్తి ఆస్థానంలో వైద్యుడిగా ఉన్న క్తేసియస్ అనే గ్రీకువాడు, భారతదేశాన్ని చూడకుండానే, విన్న మాటలతో దాని గురించి రాశాడు. మనిషి ముఖం, సింహం శరీరం, మూడు వరుసల పళ్లు, తేలు తోక కల మాంటికోర్ ఆయన రచన నుంచే బయలుదేరింది. ఆ పేరుకు మూలం 'మనిషిని తినేది' అనే అర్థమున్న పారశీక మాట. దాని వెనుక ఉన్నది మన పులేనని చాలామంది పండితులు భావించారు. ఆయన చెప్పిన భారతీయ ఒంటికొమ్ము గాడిదలో ఖడ్గమృగం నీడ ఉంది. ఐరోపా ఒంటికొమ్ము గుర్రానికి పూర్వీకుల్లో అదొకటి.

అన్నిటికన్నా నాకు ప్రీతికరమైనది చిలుక. ఇండియా మాత్రమే పంపే పక్షి ఇదనీ, ఒళ్లంతా ఆకుపచ్చగా ఉండి మెడలో ఎర్రని పట్టీ ఉంటుందనీ, మనుషుల్లా పలకరిస్తుందనీ, తల చాలా గట్టిది కనుక మాటలు నేర్పేటప్పుడు ఇనుప కడ్డీతో కొట్టాలనీ గ్రంథం చెబుతుంది. కడ్డీ మాట పక్కన పెడితే, ఆ మెడ పట్టీ వర్ణన చదవగానే మన పెరటి జామచెట్టు మీది రామచిలుక కళ్లముందు కదులుతుంది. అంటే వింతల నడుమ ఒక నిజమైన పరిశీలన శతాబ్దాలు దాటుకుంటూ వచ్చి ఆ పుటలో కూర్చుంది. చదివేటప్పుడు ఇలాంటి గింజలను ఏరి పక్కన పెట్టుకోవాలి.

ఏనుగు కథ ఇంకా లోతైనది. దానికి మోకాళ్ల కీళ్లు లేవనీ, పడుకుంటే లేవలేదు కనుక చెట్టుకు ఆనుకుని నిద్రపోతుందనీ, వేటగాళ్లు ఆ చెట్టును ముందే సగం కోసి ఉంచితే చెట్టుతో పాటు కూలిపోతుందనీ, పెద్ద ఏనుగులు వచ్చి లేపలేకపోతే చివరికి ఒక చిన్న ఏనుగు తొండం కింద పెట్టి లేపుతుందనీ పాఠం. ఆ చిన్న ఏనుగు క్రీస్తు. పారశీకులూ భారతీయులూ ఏనుగు మీద కొయ్య బురుజు కట్టి యుద్ధం చేస్తారన్న మాట కూడా ఉండటంతో, చిత్రకారులు ఆ బురుజునే అందంగా విస్తరించారు. బ్రిటిష్ లైబ్రరీలోని హార్లీ 4751 అనే ప్రతిలో ఏనుగు వీపు మీద ఒక కోటే నిలబడి ఉంటుంది. మావటి, అంబారీ, గుడి ఏనుగు తెలిసిన మనకు ఆ బొమ్మ మొదట నవ్వు తెప్పిస్తుంది. పాఠం చదివాక అది మరోలా కనిపిస్తుంది.

ఐదో మెట్టు: చిత్రకారుడు దేన్ని చూసి వేశాడో అడగండి

ప్రాణిని చూసి వేశాడా, మాటలు విని వేశాడా, ఇంకో పుస్తకం చూసి వేశాడా? ఈ మూడింటిలో చివరిదే ఎక్కువ. ఒకే మాతృకకు దగ్గరైన ప్రతులను పక్కపక్కన పెడితే ఇది తెలుస్తుంది. అబెర్డీన్ ప్రతినీ, దాని తోబుట్టువు అనదగిన బోడ్లియన్‌లోని ఆష్‌మోల్ 1511 ప్రతినీ ఒకే జంతువు దగ్గర తెరిచి పోల్చండి. భంగిమ ఒకటే అయినా రంగులో, నేపథ్యంలో, చూపులో ఎక్కడ తేడా చేశారో గమనించండి. కొన్ని ప్రతుల్లో బొమ్మ గీత వెంట సూదితో పొడిచిన సన్నని రంధ్రాలు ఉంటాయి. మన ముగ్గుల అచ్చులో పిండి జల్లినట్టు, ఆ రంధ్రాల మీదుగా పొడి జల్లి బొమ్మను వేరే ఆకుకు దింపేవారు.

రంగును ప్రకృతి సాక్ష్యంగా తీసుకోవద్దు. పులి చారలు లేకుండా నీలంగానో, చుక్కలతోనో ఉండవచ్చు. పాఠంలో చుక్కలని ఉంటే చిత్రకారుడు చుక్కలే పెడతాడు. బంగారు నేపథ్యం మీద నిండుగా కనిపించాలనుకుంటే నీలం పూస్తాడు. మేలిరకం నీలం ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల రాయి నుంచి వచ్చేది కనుక, దాన్ని ఎక్కడ వాడారన్నది ఖర్చు పెట్టినవారి గురించి కూడా చెబుతుంది.

చూసి వేసినప్పుడు ఏమవుతుందో తెలిపే సాక్ష్యం అదృష్టవశాత్తూ మిగిలింది. 1255లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ ఇంగ్లండు రాజు మూడో హెన్రీకి ఒక ఏనుగును బహుమతిగా పంపాడు. దాన్ని లండన్ టవర్‌లో ఉంచారు. సెయింట్ ఆల్బన్స్ మఠంలోని సన్యాసి, చరిత్రకారుడు మాథ్యూ ప్యారిస్ దాన్ని చూసి గీశాడు. కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కళాశాలలో ఉన్న ఆయన చరిత్ర ప్రతిలో ఆ ఏనుగు కాళ్లకు కీళ్లున్నాయి, తొండం ముడతలున్నాయి. పక్కన నిలబెట్టిన మనిషి కొలతను బట్టి జంతువు పరిమాణం అంచనా వేసుకోమని ఆయనే రాశాడు. ఆ ఏనుగు రెండేళ్లకే, 1257లో చనిపోయింది. అదే శతాబ్దంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి డేగవేట గ్రంథంలో పక్షులను ఎంత నిశితంగా వేశారో వాటికన్ ప్రతిలో చూడవచ్చు. నీటి ఒడ్డున బతికే బీవర్ అనే జంతువు తన వృషణాలను తానే కొరికి వేటగాడికి విసిరేస్తుందన్న ప్రసిద్ధమైన కథను ఆ శతాబ్దపు పండితుడు ఆల్బర్టస్ మాగ్నస్ అబద్ధమని తోసిపుచ్చాడు. కనుక ఆ కాలపు వారికి చూడటం రాదు అనకూడదు. జంతుగ్రంథంలో వారు వేరే పని చేస్తున్నారు, అంతే.

ఆరో మెట్టు: అంచులోని జంతువైతే నిదానించండి

అంచు బొమ్మకు పక్కన వివరణ ఉండదు. ముందుగా ఆ పుట పాఠం ఏమిటో తెలుసుకోవాలి: ప్రార్థనా కీర్తనా, శాసనమా, కథా? తరువాత వెనుక పది ఆకులూ, ముందు పది ఆకులూ తిప్పాలి. ఎందుకంటే అంచు కథలు తరచుగా ధారావాహికలు. బ్రిటిష్ లైబ్రరీలోని స్మిత్‌ఫీల్డ్ డిక్రీటల్స్ దీనికి నిలువెత్తు ఉదాహరణ. పోప్ తొమ్మిదో గ్రెగరీ చట్టాల సంకలనమైన ఈ ప్రతి దక్షిణ ఫ్రాన్స్‌లో రాయబడి, 1340 ప్రాంతంలో లండన్‌లో అంచు బొమ్మలు వేయించుకుంది. ఒక్క బొమ్మే చూస్తే విల్లు పట్టిన కుందేలు మాత్రమే కనిపిస్తుంది. పుటలు తిప్పుతూ పోతే, కుందేళ్లు వేటగాణ్ణి బాణంతో కొట్టి, కట్టి, కుందేలు న్యాయాధిపతి ముందు నిలబెట్టి, శిరచ్ఛేదం చేస్తాయి. తరువాత వేటకుక్క వంతు వస్తుంది, దానికీ విచారణ జరిపి ఉరి తీస్తాయి. ధర్మశాసన గ్రంథం అడుగున న్యాయస్థానం నడుస్తోంది. పైన ఉన్న పాఠం తెలిస్తేనే కింద ఉన్న కుందేలు గంభీరత తెలుస్తుంది.

అదే కుందేలు ఇంకో గ్రంథంలో ఇంకో పని చేస్తుంది. తూర్పు ఇంగ్లండులో 14వ శతాబ్దం తొలి దశకాల్లో తయారైన గోర్ల్‌స్టన్ కీర్తనల గ్రంథంలో కుందేళ్లు శిలువ పట్టుకుని శవయాత్ర జరుపుతాయి. ఈ రెండిటికీ ఒకే అర్థం అంటగట్టకూడదు. మనకు మరో ప్రలోభం కూడా ఉంది: సింహాన్ని బావిలో ముంచిన పంచతంత్రపు కుందేలు వెంటనే గుర్తుకు వస్తుంది. పంచతంత్ర కథలు అరబ్బీ, హీబ్రూల మీదుగా 13వ శతాబ్దంలో కాపువాకు చెందిన జాన్ అనువాదంతో లాటిన్‌లోకి చేరిన మాట నిజమే. అయితే దారి ఉన్నంత మాత్రాన ప్రతి కుందేలూ ఆ దారినే వచ్చిందనడానికి వీల్లేదు. ఈ కుందేళ్ల వెనుక ఉన్నది అప్పటి ఐరోపా అంతటా ప్రియమైన తలకిందుల లోకం: వేటాడేది వేట అవుతుంది, నక్క బిషప్పు కిరీటం పెట్టుకుని బాతులకు ఉపదేశం చేస్తుంది, కోతి మూత్రపు సీసా ఎత్తి రోగనిర్ణయం చేస్తుంది.

నత్త సంగతి ఓర్పును నేర్పుతుంది. యోధుడు నత్తతో పోరాడటం, తరచుగా కత్తి జారవిడిచి మోకరిల్లడం ఎన్నో ప్రతుల్లో కనిపిస్తుంది. 1962లో లిలియన్ రాండల్ అనే పరిశోధకురాలు 29 ప్రతుల్లో 70కి పైగా ఉదాహరణలు సేకరించి, అవి ఎక్కువగా 1290, 1310 మధ్యవని చూపారు. వడ్డీ వ్యాపారులుగా పేరుపడి, పిరికివారన్న అపకీర్తి మోసిన ఉత్తర ఇటలీ లాంబార్డులను వెక్కిరించే గుర్తు నత్త కావచ్చునని ఆమె వాదించారు. మంచి వాదన. కానీ అన్ని నత్తలకూ అది సరిపోదు, ఇతరులు వేరే వివరణలు ఇచ్చారు, ఏదీ స్థిరపడలేదు. ఇలాంటి చోట 'అర్థం ఇదే' అని రాయడం కంటే, తెలిసిన వివరణలను పేర్కొని ఊరుకోవడం నిజాయితీ.

ఈ బొమ్మలను ఆ కాలంలో అందరూ మెచ్చలేదని కూడా మరవకూడదు. 1125 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్, మఠాల వసారాల్లోని శిల్పాలను ఉద్దేశించి, ఒక తలకు అనేక దేహాలు, ఒక దేహానికి అనేక తలలు ఉన్న ఈ వికృతాలు చదువుకునే సోదరుల ముందు ఎందుకని తీవ్రంగా ప్రశ్నించాడు. ఆయన వాటిని ఎంత శ్రద్ధగా వర్ణించాడంటే, ఎంతసేపు నిలబడి చూశాడో ఆ వర్ణనే చెబుతుంది.

ఏడో మెట్టు: రాసుకునే పద్ధతి

ప్రతి బొమ్మకూ ఒక విడి కాగితం కేటాయించండి. పైన చిరునామా, దాని కింద పుటలోని చోటు, తరువాత కంటికి కనిపించిన వర్ణన, ఆపై పాఠం సారాంశం, చివర మీ ఊహ. ఊహను వేరే రంగు సిరాతో రాయండి. ఆరు నెలల తరువాత చూసినప్పుడు మీరు చూసినదేదో, మీరు కల్పించుకున్నదేదో వేరుగా తెలియాలి.

మొదటి వారానికి మూడు పనులు చాలు. అబెర్డీన్ ప్రతిలో సింహాన్ని తీసుకుని పాఠం రెండు పొరలనూ విడదీయండి. మాథ్యూ ప్యారిస్ ఏనుగునూ హార్లీ 4751 ఏనుగునూ పక్కపక్కన పెట్టి కాళ్లనూ తొండాన్నీ పోల్చండి. స్మిత్‌ఫీల్డ్ డిక్రీటల్స్ దొరికితే విల్లు పట్టిన కుందేలు దగ్గర మొదలుపెట్టి, వేటకుక్క ఉరికంబం ఎక్కేదాకా ఒక్క ఆకు కూడా వదలకుండా తిప్పండి.